వెదురుబుట్ట దీపం కింద భోజనం

మా పద్మారావు నగర్ ఫ్లాట్‌లో హాలుకీ వంటింటికీ మధ్య ఒక మూల ఉండేది. ఫ్రిజ్‌కి మరీ ఎక్కువ, మంచానికి మరీ తక్కువ. పాత పేపర్లు, ఇస్త్రీ బల్ల, ఎవరూ తొక్కని సైకిలు అందులో కాపురం పెట్టాయి. ఊళ్ళో వీధికో సాఫ్ట్‌వేర్ కంపెనీ వెలుస్తున్న రోజులవి. నేనూ మాదాపూర్‌లో ఒకదాంట్లో టెస్టింగ్ చేసేదాన్ని. అక్కడి కొత్త కాఫీ షాపుల్లో బల్లల మీదికి వేలాడే దీపాలు చూసి చూసి, మా ఇంట్లోనూ అలాంటి మూల ఒకటి ఉండాల్సిందేనని పట్టుబట్టాను. శ్రీకాకుళం నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ అమ్మా నాన్నా, నేనూ అప్పటిదాకా టీవీ ముందు చాప వేసుకుని తినేవాళ్ళం.

గోడకి లేత నీలం రంగు నేనే వేశాను. ముగ్గురికి సరిపోయే గుండ్రటి బల్ల, మూడు కుర్చీలు వచ్చాయి. ఒక వెదురుబుట్ట కొని, అడుగున కన్నం పెట్టించి, లోపల చిన్న పసుపు బల్బు బిగించి, బోర్లించి బల్ల మీదికి వేలాడదీయించాను. సీతాఫల్‌మండి నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ స్విచ్ వేసి, రెండడుగులు వెనక్కి వెళ్ళి చూశాడు.

"హోటల్ లెక్కనే ఉంది మేడమ్. బిర్యానీ ఎప్పుడు షురూ చేస్తున్నరు?"

ఆ మాటకి నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

నాన్న కొన్నాళ్ళు ఆ బల్ల దగ్గరే తిన్నాడు. తర్వాత ఒకరోజు కంచం పట్టుకుని వంటింట్లోకి పోయి, ట్యూబ్‌లైటు కింద పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే.

"ఏమైంది నాన్నా?"

"ఏటీ నేదమ్మా. ఇక్కడైతే గాలొస్తాది."

మా వంటింటి కిటికీ అరచేయంత. అందులోంచి పక్కింటి పోపు వాసన తప్ప ఇంకేదీ వచ్చేది కాదు. నాకు అనుమానం పట్టుకుంటే ఇక నిద్ర పట్టదు. ఒక్కో మార్పూ చేసి ఫలితం చూడటం నా ఉద్యోగం కాబట్టి, ఇంట్లోనూ అదే మొదలుపెట్టాను. కుర్చీ గట్టిగా ఉందేమోనని దిండు వేశాను. దిక్కు పట్టింపేమోనని తూర్పుకి తిప్పాను. పళ్ళ బుట్ట బొమ్మ నచ్చలేదేమోనని గోడ మీంచి దించేశాను. అమ్మతో మాటా మాటా వచ్చిందేమోనని ఆరా తీస్తే, "మాకు పోట్లాడుకోడానికి తీరికెక్కడిదే?" అని అమ్మ కసిరింది. నాన్న అన్ని మార్పులనీ మెచ్చుకునేవాడు. కంచం మాత్రం తీసుకుపోయేవాడు.

ఇంకోటి కూడా నన్ను తొలిచేది. నాన్న చేపలు తినడం చూసి తీరాలి. ఆదివారం మొండా మార్కెట్ నుంచి శీలావతి తెస్తే, ముళ్ళన్నీ తీసి కంచం అంచున వరసగా పేర్చేవాడు. చిన్నప్పుడు నా ముక్క కూడా ఆయనే వలిచి, "ముల్లు నేదు, తిను" అని నా కంచంలో పెట్టేవాడు. అలాంటి మనిషి కొత్త బల్ల దగ్గర, "చేప వద్దమ్మా, పప్పెయ్యి" అన్నాడు. వద్దన్న చేప వంటింట్లోకి వెళ్ళాక ఎలా ఖాళీ అవుతోందో నాకు అంతుపట్టలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మంచినీళ్ళ వంకతో వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. నాన్న పీట మీద ఉన్నాడు. ఎదురుగా అమ్మ నేల మీద కూర్చుని, చేప ముక్కని వేళ్ళతో నలిపి, ముల్లు తగిలితే లాగి పడేసి, మిగిలింది ఆయన కంచంలోకి తోస్తోంది. అమ్మ తోసిందే నాన్న తింటున్నాడు. ఆ పక్కనే ఉన్న ముక్క జోలికి పోవడం లేదు.

భోజనమయ్యాక, ఎండ గోడ మీద పడుతుండగా ఆయన్ని మూలకి పిలిచాను.

"నాన్నా, రంగు ఎలా ఉంది? నిజం చెప్పు."

"బాగుందమ్మా. లేతాకుపచ్చ, కంటికి చలవ."

నేను వేసింది లేత నీలం. రోజూ పొద్దున్న నన్ను కంపెనీ బస్సు ఎక్కించడానికి సికింద్రాబాద్ స్టేషన్ దాకా స్కూటర్ మీద దింపేది ఆయనే. ఈమధ్య చిలకలగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా, "పచ్చ దీపం పడిందేటి తల్లీ?" అని అడుగుతుంటే, నా నిద్రమత్తు వదిలించడానికి కబుర్లాడుతున్నాడనుకున్నాను. పైగా రోజూ ఉత్సాహంగా జవాబు చెప్పాను కూడా!

"కళ్ళు కనపడటం లేదని ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. భయం వేస్తే నాకు కోపమే ముందొస్తుంది.

నాన్న కుర్చీలో కూర్చుని, దిండు అంచు సవరించాడు.

"బండి తియ్యొద్దంటావని," అన్నాడు. "నిన్ను దింపి ఆఫీసుకెల్తే నాకు రోజంతా బాగుంటాది."

ఆ మాటకి ఏడుపొచ్చింది. అయినా స్కూటర్ తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. నా బుట్టదీపం మసక వెలుతురులో ముళ్ళు కనపడక, ఆ సంగతి నాకు తెలిసిపోతుందని ఆయన వంటింట్లో దాక్కున్నాడన్నమాట. అమ్మకి ముందే తెలుసు. చెప్పనని ఒట్టు వేసిందట.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పగానే నాన్న డాక్టర్ని అడిగిన మొదటి ప్రశ్న, బండి ఎప్పుడు తియ్యొచ్చని. ఈలోగా నేను బుట్టలో పసుపు బల్బు తీసేసి పెద్ద తెల్ల బల్బు పెట్టించాను. హోటల్ పోయి ఆసుపత్రి వచ్చిందని అమ్మ నవ్వింది.

డాక్టర్ అన్నీ తినొచ్చన్నాక వచ్చిన ఆదివారం నాన్న ఎవరూ పిలవకుండానే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. గోడ వైపు చూసి, "రంగు మార్చేవేటి?" అన్నాడు.

"లేదు నాన్నా. అదే రంగు."

"నీలవా ఇది?"

"నీలమే."

చాలాసేపు గోడనే చూశాడు. అమ్మ పులుసు వడ్డించింది. నాన్న ఒక ముక్క తీసుకుని, తల వంచి, తీరుబడిగా వలిచి, ముళ్ళు కంచం అంచున పెట్టి, ఆ ముక్కని నా కంచంలో వేశాడు.

"ముల్లు నేదు, తిను."

నేను చూడకుండానే నోట్లో పెట్టుకున్నాను.