చక్కెర వద్దన్న పెళ్లికొడుకు

పెళ్లిచూపులకు పోయి తల దించుకుని కూర్చున్న మగవాళ్లను మీరు చూసే ఉంటారు. తల నేలకు ఆనించి, కాళ్లు దూలం వైపు పెట్టి, పిల్ల తండ్రితో మాట్లాడినవాణ్ని మాత్రం చూసి ఉండరు. చూడాలని సరదాగా ఉంటే నన్ను చూడండి. ఆ ఘనకార్యం చేసింది నేనే. వికారాబాదులో ఆ పిల్ల వాళ్ల వాడలోని పాతవాళ్లు నేను కనబడితే ఇప్పటికీ ముందు కడుపుబ్బ నవ్వుకుని, ఆ తర్వాతే క్షేమం అడుగుతారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు అవి. తాండూరులో ఒక బండల సేటు దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ని. గనుల నుంచి వచ్చిన నాపరాళ్లను చెక్కి, నునుపు చేసి రైలెక్కించే చోటది. పొద్దస్తమానం రాతి దుమ్ము. మిగతావాళ్లు ఎట్లాగో తట్టుకునేవాళ్లు కానీ, నాకు చిన్నప్పటి నుంచే ఉబ్బసం. మా దిక్కు దాన్ని దమ్ము అంటారు. అది లేచిందంటే నా ఛాతీలోంచి, హార్మోనియం మీద పిల్లి నడిచినట్టు రకరకాల చప్పుళ్లు వచ్చేవి. రాత్రిళ్లు పడుకోవడం కుదరక దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాణ్ని.

ఆ రోజుల్లోనే మోమిన్‌పేటలో చుట్టాల పెళ్లికి పోయాను. బంతి భోజనాల దగ్గర పొయ్యి పొగ ముక్కుకు తగిలింది. దమ్ము లేచింది. నలుగురిలో నవ్వులపాలు కావడం ఇష్టం లేక పందిరి వెనక్కి పోయి, గుంజ పట్టుకుని వంగి నిలబడ్డాను. ఎవరో పిల్ల వచ్చింది. ఏమీ అడగలేదు, అయ్యో అనలేదు. గ్లాసులో వేడినీళ్లు నా చేతికిచ్చి, తాగేదాకా పక్కన నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని పోయింది. ఆ పిల్ల పేరు అనసూయ అని, వికారాబాదు మల్లేశం గారి బిడ్డ అని ఆ సాయంత్రమే వాకబు చేశాను. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాను కూడా. దమ్మున్నవాడి తొందర ఎట్లా ఉంటుందో చూశారు కదా.

మా మేనమామ బాలయ్య సంబంధం అడగడానికి పోయాడు. మల్లేశం గారు కందులు అమ్ముకోవడానికి తాండూరు వచ్చినప్పుడు నన్ను చూశాడట. నేను స్టేషన్ మెట్లెక్కి, పైన కూలబడి, నోరు తెరుచుకుని ఉన్నప్పుడు.

"పిలగాడు మంచోడే బాలన్నా," అన్నాడట ఆయన. "గాని వానికి దమ్మున్నది. మా నాయిన దమ్ముతోనే పోయిండు. రాత్రంత మా అవ్వ ఆయన వీపు రాసుకుంట కూసునేది. నా బిడ్డకు గూడ గదే పని పెట్టాల్నా?"

ఈ మాట మామ నాకు చెప్పినప్పుడు కోపం రాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అప్పుడే ఎవరో వికారాబాదులో ఉన్న డ్రిల్ సారు గురించి చెప్పారు. ఏదో బళ్లో పిల్లలకు కసరత్తు చెప్పి రిటైరైన మనిషి. అనంతగిరి గుట్టకు పోయే తోవలో ఇల్లు. యోగాసనాలు నేర్పుతాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి ఆయన దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. యోగమంటే మొదటి రోజే గాలిలోకి లేపుతాడనుకున్నాను. ఆయన నన్ను చాప మీద కూర్చోబెట్టాడు. వెన్ను నిటారుగా పెట్టమన్నాడు. ఒక ముక్కుపుటతో నెమ్మదిగా గాలి పీల్చి, రెండోదానితో ఇంకా నెమ్మదిగా వదలమన్నాడు. అంతే. మరుసటి ఆదివారం అదే. ఆ పై ఆదివారమూ అదే.

"సారూ, వేరే ఏమన్న నేర్పుండ్రి," అన్నాను విసుగొచ్చి.

"నీకు ఊపిరి తీసుడే రాదు. ముందు గది నేర్చుకో," అన్నాడాయన.

ఆయన నియమాలు కూడా మహా గట్టివి. పొట్ట ఖాళీగా ఉండాలి. చేసే ముందు మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ధోవతి కట్టినా లోపల నిక్కరు ఉండి తీరాలి. ఈ మూడో నియమం వల్లే నేనివాళ మీ ముందు తలెత్తుకుని ఈ ముచ్చట చెప్పగలుగుతున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఏమాటకామాటే చెప్పాలి. నెలలు గడిచేకొద్దీ నా ఛాతీలో పిల్లి మెల్లగా ఊరు విడిచి పోయింది. దిండు ఒళ్లోంచి తల కిందికి వచ్చింది. స్టేషన్ మెట్లు మాట్లాడుకుంటూ ఎక్కేశాను. ఒక ఆదివారం సారు ఇంటి నుంచి నేరుగా అనంతగిరి గుట్ట ఎక్కడం మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా పైదాకా పోయాను. పైన నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకుంటే ఏడుపొచ్చింది. అందరూ పుట్టినప్పటి నుంచీ ఉచితంగా చేస్తున్న పని నాకు ఆ రోజు చేతనైంది.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ కొత్తగా బాగుపడ్డవాడు ఊరికే ఉంటాడా? తాండూరులో నాకు కనబడినవాడు ముక్కు మూసుకోకుండా తప్పించుకోలేదు. బండలు చెక్కేవాళ్ల చేత ఊపిరి బిగపట్టించాను. మా సేటుకు శవాసనం నేర్పితే ఆయన నునుపు చేసిన బండ మీద పడుకుని గురక మొదలుపెట్టాడు. సరుకు కోసం వచ్చిన బేరగాళ్లు ఆయన లేచేదాకా ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. అది చాలక సారు పాత శిష్యులు శీర్షాసనం వేస్తుంటే ఓరగా చూసి, ఇంట్లో గోడకు ఆనుకుని, ఆయనకు తెలియకుండా అదీ పట్టుకున్నాను. మొదట్లో గోడ సున్నం రాలింది. తర్వాత నిలబడ్డాను.

ఈలోగా బాలయ్య మామ మళ్లీ పోయి, మావాడి దమ్ము పోయిందని మల్లేశం గారి చెవిలో వేశాడు. ఆయన నమ్మలేదు కానీ వచ్చి పిల్లను చూసి పొమ్మన్నాడు. నాకు ఇంకేం కావాలి? నోటితో చెబితే నమ్మని మనిషికి కళ్లతో చూపించాలని, పిల్ల ఇంట్లో, అందరి ముందు శీర్షాసనం వేయాలని నిశ్చయించుకున్నాను. అందరూ నోరెళ్లబెట్టాలని మామకు కూడా చెప్పలేదు. ముందురోజు సాయంత్రం నుంచే పొట్ట ఎండబెట్టాను.

మా దిక్కు పెళ్లిచూపుల్లో ఒక పద్ధతి ఉంది. మాటలు కుదిరేదాకా పిల్లవాళ్లింట అన్నం తినరు. పిల్లను చూశాక పళ్లెంలో చక్కెర తెచ్చి పెళ్లికొడుకు ముందు పెడతారు. చిటికెడు నోట్లో వేసుకుంటే సంబంధం ఇష్టమైనట్టు. పళ్లెం జరిపితే పిల్ల నచ్చలేదన్నట్టు. ఇది పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ రోజు నా బుర్రలో పొట్ట ఖాళీగా ఉండాలన్న నియమం ఒక్కటే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముందు శీర్షాసనం, తర్వాత చక్కెర అని నేను నాలోనే వరస పెట్టేసుకున్నాను. ఆ వరస అవతలివాళ్లకు చెప్పాలని మాత్రం తోచలేదు.

అనసూయ వచ్చి చాప మీద కూర్చుంది. ఒకసారి నన్ను చూసింది. ఆ గ్లాసు పట్టుకున్న చేతులే. లేచి లోపలికి పోయింది. వాళ్ల నాయనమ్మ చక్కెర పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది.

"జర నోట్లేసుకో కొడుకా."

"వద్దు," అన్నాను.

మామ మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. ముసలమ్మ సరిగ్గా వినలేదేమోనని పళ్లెం ఇంకాస్త దగ్గరికి జరిపింది. నేను మర్యాదగా, రెండు చేతులతో, వెనక్కి జరిపాను.

"గట్లయితె జరన్ని నీళ్లన్న తాగు," అందామె గొంతు తగ్గించి.

"నీళ్లు గూడ వద్దవ్వా."

లోపల ఏదో గిన్నె టక్కున కింద పెట్టిన చప్పుడు వినబడింది. మల్లేశం గారు లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"మంచిది బాలన్నా," అన్నాడు. "మా ఇంటి నీళ్లు గూడ మీ పిలగానికి పనికిరావంటుండు. ఇగ మీకు బండి టైమైతుందేమో."

మామ మొహం చూస్తే నాకు విషయం తలకెక్కింది. పిల్లను చూసి, చక్కెర జరిపి, నీళ్లు కూడా వద్దన్నాను. ఇంతకంటే పెద్ద అవమానం ఆ ఇంటికి ఎవరూ చేసి ఉండరు. అప్పుడైనా నోరు తెరిచి రెండు మాటలు చెబితే పోయేది. నేనేం చేశానంటారా? మామ ఒళ్లో ఉన్న కండువా లాక్కుని, మడతపెట్టి నేల మీద వేసి, దాని మీద తల పెట్టి, కాళ్లు పైకి లేపాను.

నిలబడ్డాను. నిజంగానే ఊగకుండా నిలబడ్డాను. కానీ అంతవరకూ నేను ఎప్పుడూ శీర్షాసనం ధోవతితో వేయలేదు. పెళ్లిచూపులని మామ పట్టుబట్టి కట్టించిన కొత్త ధోవతి, ఇస్త్రీ మడతలతో సహా, మెల్లగా జారి నా మొహాన్ని కప్పేసింది. లోకానికి డ్రిల్లు నిక్కరు దర్శనమిచ్చింది.

"నాకు దమ్ము పోయింది. జర చూడుండ్రి," అన్నాను ధోవతి లోపలి నుంచి.

మల్లేశం గారి గొంతు దగ్గర్లో వినబడింది. ఆయన నాతో మాట్లాడటానికి కింద కూర్చున్నట్టున్నాడు.

"దమ్ము సంగతి ఎవరడిగిండ్రు పిలగా? చక్కెరెందుకు వద్దంటివి?"

"తింటె గిది చెయ్యరాదు. సారు చెప్పిండు."

"అంటే పిల్ల నచ్చింది?"

"మోమిన్‌పేటలనే నచ్చింది."

లోపలి గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నట్టు వినబడింది. ముసలమ్మకు మాత్రం నవ్వే తీరిక లేదు. మళ్లీ వీడి బుద్ధి మారకముందే పని కానిచ్చేయాలనుకుందేమో, ధోవతి పక్కకు తీసి, నోరు తెరువు కొడుకా అని, నేను తెరిచీ తెరవక ముందే గుప్పెడు చక్కెర నా నోట్లో కుమ్మరించింది.

తలకిందులుగా ఉన్నవాడి నోట్లో పోసిన చక్కెర ఎటు పోతుందో మీకెవరికైనా తెలుసా? ముక్కులోకి పోతుంది. నేను దగ్గాను. కాళ్లు ఒకవైపు, నేను ఒకవైపు పడ్డాం. నీళ్ల బిందె దొర్లింది. తడిసిన నేల మీద పడి దగ్గుతూ, కళ్లనీళ్లు కారుస్తూ, ఊపిరందక ఎగశ్వాస తీశాను. అంతలో నాకు బాగా తెలిసిన పాత చప్పుడు వినబడింది. ఛాతీలో పిల్లి తిరిగొచ్చింది.

"దమ్ము లేచింది," అన్నాడు మల్లేశం గారు. ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగా భయపడ్డాడు.

అంతా అయిపోయిందనుకున్నాను. దమ్ము పోయిందని చూపించడానికి వచ్చి, వాళ్ల కళ్ల ముందే దమ్ము తెచ్చుకున్న మొగోణ్ని నేను. అప్పుడు నా ముందుకు గ్లాసు వచ్చింది. వేడినీళ్లు. అనసూయ, అప్పటిలాగే, పక్కన నిలబడింది.

రెండు గుక్కలు తాగాను. లేచి వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. శీర్షాసనం లేదు, గొప్పలు లేవు. సారు నెలల తరబడి నా చేత చేయించిన ఆ ఒక్క పనే చేశాను. నెమ్మదిగా పీల్చి, ఇంకా నెమ్మదిగా వదిలాను. మొదట్లో ఊపిరి తెగింది. తర్వాత నిలిచింది. ఛాతీలో చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. కళ్లు తెరిచేసరికి ఇంటిల్లిపాదీ నా చుట్టూ కూర్చుని, తమకు తెలియకుండానే నాతోపాటు ఊపిరి పీల్చి వదులుతున్నారు.

"ఇప్పుడు మంచిగ ఆడుతుందా?" అంది అనసూయ. ఆమె గొంతు వినడం అదే మొదలు.

"ఆడుతుంది," అన్నాను.

మల్లేశం గారు దగ్గరికి జరిగి నా ఛాతీ వంక చూశాడు. "మా నాయినకు లేస్తె తెల్లారేదాక ఆగకపోయేది," అన్నాడు. "గిది ఆగింది. నా కండ్లముందటనే ఆగింది." తర్వాత తనే లేచి, తడిసిన పళ్లెంలో మిగిలిన చక్కెర చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. ఆమె మాత్రం అసలు మాట అప్పుడు అడిగింది. "కొడుకా, మెట్లెక్కితె నాకు గూడ జర ఆయాసమైతుంది. గా కాళ్లు మీదికి లేపుడు వద్దు గాని, గా ఊపిరిది నాకు నేర్పుతవా?"

పెళ్లికి డ్రిల్ సారును పిలిచాను. శీర్షాసనం కథ విని ఆయన, నా పెళ్లిలో, నా చుట్టాల ముందు నా చెవి మెలిపెట్టి, "నేను చెప్పని పని ఎందుకు చేసినవు?" అని అడిగాడు. ముసలమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. రోజూ పొద్దున్నే నడిమింట్లో కూర్చుని ముక్కు మూసుకునేది. ఇంట్లో ఎవరు పలకరించినా చేత్తోనే ఆగమనేది. నా వీపు రాయాల్సిన అవసరం అనసూయకు ఇంతవరకూ రాలేదు. నేనిప్పటికీ రోజూ ఊపిరి సాధన చేస్తాను, మళ్లీ శీర్షాసనం వేస్తానేమోనని ఇంటి గోడకు మాత్రం ఆమె తలుపు చాటు నుంచి కాపలా కాస్తుంది.

అందుకని చదివే మీ అందరి సాక్షిగా, వెన్ను నిటారుగా పెట్టి, ఎడమ ముక్కుపుటతో గాలి పీల్చి కుడిదానితో వదిలి, ఈ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఆసనం ఎంత గొప్పదైనా, సారు ఎంత కోపిష్ఠి అయినా, నా అత్తగారింట నా ముందు పళ్లెం పెడితే ముందు నోరు తెరుస్తాను. కాళ్ల సంగతి తర్వాత చూసుకుంటాను.