దీర్ఘం లేని కొండ

కిందటి నెల్లో ఓ గురువారం పొద్దున్నే మా మాస్టారు పోయారు. ఫోన్ చేసింది వాళ్ళావిడ. ఆవిడని మేమంతా అమ్మగారూ అని పిలిచేవాళ్ళం. విషయం చెప్పి, "నీ పేరు రాసిన సంచి ఒకటుందమ్మా బీరువాలో. ఇంకెవరికీ ఇవ్వొద్దన్నారు. వచ్చి పట్టుకెళ్ళు" అన్నారు. ఏ సంచి అని నేను అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది ఉంటుందని మాత్రం అనుకోలేదు.

మాస్టారు విజయవాడలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. నాగాయలంక వైపు ఒండ్రు నేలలో, చేపలమ్ముకునే ఇంట్లో పుట్టిన నాకు అంతవరకూ రాయంటే రుబ్బురోలే. ఆ సంగతి మొదటిరోజే చెప్పేశాను. ఆయన నవ్వలేదు. "సముద్రపొడ్డున ఇసకలో ఎర్రచార చూశావా అమ్మాయ్? అది గార్నెట్. కొండలు అరిగి మీ ఊరొచ్చాయి. ఇప్పుడు నువ్వెళ్ళి వాటిని పలకరించాలి, అంతే" అన్నారు.

భూతద్దాన్ని బూటులేసుకి కట్టి మెడలో వేసుకుని తిరిగేవారు. విరగ్గొట్టిన రాయిని నాలికతో తడిపి చూసేవారు. తడిస్తే లోపలి గింజలు బాగా కనపడతాయి. "నా వంటకంటే ఆ రాళ్ళనే ఎక్కువ రుచి చూశారీయన" అని అమ్మగారు దెప్పేవారు. ఇబ్రహీంపట్నం బస్సులో కండక్టరు రాళ్ళ సంచికి లగేజీ టికెట్టు తీసుకోమంటే, "వందకోట్ల ఏళ్ళు నిండిన పెద్దవాళ్ళయ్యా, రాయితీ లేదా?" అనేవారు.

తూర్పు కనుమలు పైకి ఎంత లేచాయన్నది ఆయనకి పట్టేది కాదు. కింద ఎంత లోతుకి దిగి, ఎంత వేడిలో ఉడికి వచ్చాయన్నదే కావాలి. దానికి గార్నెట్‌లో ఇనుమెంత, మెగ్నీషియమెంత, సున్నమెంత అని కొలిచి, దాన్ని ఆనుకుని పెరిగిన ఖనిజంతో పోల్చాలి. "పక్కపక్కన పెరిగినవాళ్ళనే అడగాలి. వేరేవాళ్ళనడిగితే కట్టుకథలు చెబుతారు" అనేవారు.

నా థీసిస్ కోసం మేం రాళ్ళేరింది రెండు చోట్ల, కొండపల్లిలోనూ కొండపావులూరులోనూ. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో రెండూ ఒకేలా ఉంటాయని, సంచుల మీద తెలుగులోనే రాయించేవారు. కొండపల్లికి కొం.ప., కొండపావులూరుకి కొం.పా. "దీర్ఘం మర్చిపోయావో, కొండే మారిపోద్ది, జాగ్రత్త!" అని బస్సు దిగేలోపు రెండుసార్లయినా చెప్పేవారు.

నేను మర్చిపోయాను. ఎండకి విసిగి, కొండపావులూరు పన్నెండో సంచి మీద దీర్ఘం లేకుండా రాసేశాను. ఒక కొండ గార్నెట్‌నీ ఇంకో కొండ ఖనిజాన్నీ ఒకే రాతివనుకుని కొలిచాను. ఒకరి రక్తం రిపోర్టూ మరొకరి ఎక్స్‌రే కలిపి జబ్బు చెప్పినట్టయింది. ఫలితం మాత్రం అదిరిపోయింది. ఆ రాయి ఎవరూ అనుకోనంత లోతుకి దిగి వచ్చిందని తేలింది. అది మాస్టారికి సర్వీసులో ఆఖరి సంవత్సరం. కనపడినవాళ్ళకల్లా నా పేరు చెప్పి మురిసిపోయారు. నాకు లెక్చరర్ ఉద్యోగం ఖాయమైంది, నెలాఖరుకల్లా థీసిస్ ఇచ్చేస్తే చాలు. మా నాన్న ఊళ్ళో అందరికీ చెప్పేసుకున్నాడు.

బల్ల సర్దుతుంటే ఒకే పేరుతో రెండు సంచులు కనపడ్డాయి, రెండూ కొం.ప. పన్నెండే. ఒకదానికి నేను దీర్ఘం పెట్టలేదు. మూడ్రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎవరు చూడొచ్చారు అనుకున్నాను, నిజం చెబుతున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం తప్పు సంచి తీసుకుని, మాస్టారి ఇల్లున్న మంగళగిరికి బస్సెక్కాను.

మాస్టారు వరండాలో చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుతున్నారు. ఎదురుగా కూర్చున్నాను. ఎండల గురించి మాట్లాడాను. బైండింగు గురించి మాట్లాడాను. సంచి నా ఒళ్ళోనే ఉంది. ఆయన "ఊ" అంటున్నారే తప్ప తలెత్తలేదు. అమ్మగారిచ్చిన మజ్జిగ తాగి, లేచి, చెప్పులు కూడా వేసుకున్నాను.

"మాస్టారూ, పన్నెండో సంచి కొండపల్లిది కాదండీ."

పప్పులో వేళ్ళు ఆగాయి. "ఎప్పుడు తెలిసింది?"

"మూడ్రోజులైందండీ."

"మూడ్రోజులు" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. లోపలికెళ్ళి ఎర్రపెన్సిలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "దీర్ఘం పెట్టు."

పెట్టాను. సంచికి కట్టిన పేరు అట్టముక్క చిరిగేంత గట్టిగా పెట్టాను. సంచి ఆయనే ఉంచేసుకున్నారు.

ఉద్యోగం పోయింది. మళ్ళీ ఏడాదంతా కొలిస్తే, అందరూ అనుకున్న లోతే వచ్చింది. మాస్టారు తన వీడ్కోలు సభలో లేచి, "ఆ లోతు సంగతి తప్పండీ, మేం తప్పు చేశాం" అన్నారు. అమ్మాయి తప్పు చేసిందనలేదు. నేను వెనక వరసలో తలొంచుకుని కూర్చున్నాను. ఆయన మీద నాకు కోపం కూడా ఉండేది. ఒక్క ఓదార్పు మాట అనలేదని. తర్వాత ఎన్నోసార్లు అడిగాను, "మీకు ముందే తెలుసా మాస్టారూ? నేను చెప్పకపోతే థీసిస్ మీద సంతకం పెట్టేవారా?" అని. "కాఫీ చల్లారిపోతోంది" అనేవారు.

పదోరోజు వెళ్ళి సంచి తెచ్చుకున్నాను. నా ఎర్రదీర్ఘం అలాగే ఉంది. రాయి బయటికి తీస్తే అడుగున మడత పెట్టిన చీటీ ఉంది. మాస్టారి దస్తూరీ. కింద వేసిన తేదీ నేను మంగళగిరి వెళ్ళడానికి వారం ముందుది.

"ఇది కొం.పా. దీర్ఘం పోయింది. అమ్మాయే వచ్చి చెబుతుంది."

ఆ రోజు మంగళగిరి బస్సులో, చెప్పాలా వద్దా అని కొట్టుకుంటూ, ఆ చీటీని దారిపొడుగునా నా ఒళ్ళోనే పెట్టుకుని వెళ్ళాను.