దూకే కాలు

అందరూ మిడత అని పిలిచే ఆమె పాదాలు రెండూ ఒకే మనిషివి కావన్నట్టుండేవి. ఎడమది సన్నగా, చక్కగా ఉండేది. కుడిపాదంలో చివరి వేళ్ళు రెండూ వంకరపోయి ఒకదాని మీదొకటి ఎక్కి కూచునేవి. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఆ పాదాన్ని దుప్పటి బయటే ఉంచేది. నర్సు చూసి, "యాక్సిడెంటా అమ్మా?" అనడిగితే, "కాదు, మా అన్నయ్య పనితనం," అని నవ్వేది.

అప్పట్లో అన్నయ్యది గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగ్ షాపు. దాని మీదే వాళ్ళ గది. తండ్రి లేడు. తల్లి లాండ్రీ బట్టలు ఇంటికి తెచ్చుకుని ఇస్త్రీ చేసేది. అన్నయ్యకి ఒళ్ళు మండితే చేతికి అందిందల్లా గాల్లోకి లేచేది. మిడత పరుగు నేర్చుకున్నది ఆ ఇంటి మెట్ల మీదే. ఆఖరి మెట్లు దిగకుండా దూకేసేది.

ఆ దూకుడే గ్రౌండులో కోచ్ మేడం కంట పడింది. ఒకప్పుడు ఈటె విసిరిన మనిషి. ఇసుకను చదునుచేసే పళ్ళకర్ర ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది. లాంగ్‌జంప్‌లో దూకే ముందు కాలు మోపాల్సిన చెక్కకి అవతల మైనం పట్టీ ఉంటుంది; వేలు దానికి తగిలితే ఆ దూకుడు చెల్లదు. బొటనవేలు దాని మీద పడ్డప్పుడల్లా కర్ర మిడత పిక్క మీద పడేది.

"మైనానికి నొప్పెడుతుందే, చూసి తొక్కు," అనేది మేడం.

వంద మీటర్ల పరుగులోనూ మిడతే ముందుండేది. ఒకసారి పక్క లేను అమ్మాయి మోచేత్తో పొడిచి గెలిచింది. మిడత ఆమెను బాత్‌రూముల వెనక్కి లాక్కెళ్ళి కొట్టి, తానూ పెదవి చీల్చుకుని వచ్చింది.

"గెలిచాక కొట్టావా, ఓడాక కొట్టావా?"

"ఓడాకే మేడం."

"ఓడాక కొడితే దాన్ని ఏడుపంటారు," అని మేడం కర్రతో ఒకటి అంటించింది.

జట్టు ఎంపిక దగ్గర పడింది. నెగ్గితే క్యాంపుకి వెళ్ళిపోవచ్చు, ఆ గదిలో ఇక ఉండక్కర్లేదు. మిడతకి అంతకు మించిన కోరిక లేదు. అప్పుడే పేపర్లో ఆమె ఫొటో పడింది. నిక్కరులో, గాల్లో, కుడికాలు ముందుకు చాచి ఉంది. తల్లి మురిసిపోయి దాన్ని ఇస్త్రీబల్ల పైన గోడకి అంటించింది.

కింద షాపులో అన్నయ్య స్నేహితుడొకడు టీ తాగుతూ, పేపర్లో ఆ ఫొటో చూపించి, "ఊరందరి ఇళ్ళకీ గేట్లు పెడతావు, మీ ఇంటికొకటి పెట్టుకోలేవురా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. అన్నయ్య ఇనప ఊచతో వాడి నెత్తి పగలగొట్టి, సుత్తి తీసుకుని మెట్లెక్కాడు. చొక్కా మీద రక్తం ఆ స్నేహితుడిదే.

"ఏ కాలితోనే దూకేది?"

వాడు గోడమీద ఫొటో చూశాడు. "ఇదేగా," అన్నాడు. మిడతని జుట్టు పట్టి కింద పడేసి, ఆమె కుడిపిక్క మీద మోకాలు పెట్టి, సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకి చిటికెనవేలు, రెండో దెబ్బకి పక్క వేలు నలిగాయి. తల్లి వేడి ఇస్త్రీపెట్టె తెచ్చి కొడుకు భుజానికి అదిమింది. గుడ్డా చర్మమూ కలిసి కాలిన వాసన వచ్చింది. అయినా వాడు మూడోసారి చెయ్యెత్తాడు.

అరుస్తూనే మిడతకి అర్థమైంది. గాల్లో ముందున్న కాలే దూకే కాలనుకున్నాడు. ఆట తెలియనివాళ్ళంతా అలాగే అనుకుంటారు. చెక్కని తన్ని మనిషిని పైకి లేపే కాలు ఫొటోలో వెనకబడి కనబడీ కనబడకుండా ఉంటుంది. ఆమె ఎడమకాలు మెల్లగా కిందికి ముడుచుకుంది.

"నా దూకే కాలు పోయిందమ్మా," అని గుండెలు బాదుకుంది.

వాడు సుత్తి పారేసి, కాలిన భుజం పట్టుకుని వెళ్ళి మెట్ల మీద కూలబడ్డాడు.

ఎంపిక రోజు కోచ్ మేడం ఆ వేళ్ళకి కట్టు కట్టి, కుడి బూటు ముందు భాగం బ్లేడుతో కోసేసింది. పరుగుపందెం ఆశ వదులుకోవాల్సిందే. గీత దగ్గర ఆ వేళ్ళ మీద బరువేసి వంగి, ఒక్కసారిగా లేవడం జరిగే పని కాదు.

"మరి దూకడం?"

"ఎడమకాలు ఉందిగా మేడం."

మేడం కట్టు ముడి బిగించింది. "నయం, మీ అన్నయ్య నా క్లాసుకి రాలేదు," అంది.

నొప్పి తక్కువ పుట్టేలా పరుగు దూరం కుదించారు. ఆ కొత్త కొలత కుదరక మొదటి రెండుసార్లూ వేలు మైనాన్ని తాకింది, ఎర్రజెండా లేచింది. మిగిలింది ఒక్క అవకాశమే. బూటు కోసిన చోట రక్తం కారుతోంది. వెనక్కి నడుస్తుంటే కంచె దగ్గర అన్నయ్య కనిపించాడు. భుజానికి కట్టుంది. ఇంటికి ఈడ్చుకుపోవడానికే వచ్చాడు.

మిడత పరుగెత్తింది. కుడిపాదం నేలకి తగిలినప్పుడల్లా సుత్తి పడ్డట్టే ఉంది. చివరికి ఎడమకాలు చెక్కని ఎంత కసిగా తన్నిందంటే ఆ చప్పుడు కంచె దాకా వినిపించింది. ఇసుకలో పడి అరిచింది. తెల్లజెండా లేచింది. ఆ రోజు అంతదూరం ఎవరూ పడలేదు.

టేపు చుట్టేలోపే అన్నయ్య కంచె దూకి వచ్చి ఆమె జుట్టు పట్టుకున్నాడు. మిడత ఎడమ బూటు ఊడదీసి, మేకులున్న అడుగుతో వాడి చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. జుట్టు వదిలేదాకా కొట్టింది. వాడు ఇసుకలో వెల్లకిలా పడ్డాడు. చెంప మీద చిల్లుల వరస, ఒక్కోదాంట్లోంచీ రక్తం పొడుచుకొస్తోంది.

వాడు బూటు లేని ఆ ఎడమ పాదం వైపు చూశాడు.

"ఈ కాలా?" అన్నాడు.

"ఈ కాలే అన్నయ్యా."

మేడం కర్రతో వాడి డొక్కలో పొడిచింది. "లే నాయనా, ఇంకా దూకాల్సినవాళ్ళున్నారు."

వాడు లేచి పక్కకి జరిగాడు. మేడం తడిసిన ఇసుకని కలిపేసి, చదును చేసింది. మిడత చేతిలో బూటుతో, కుంటుకుంటూ, క్యాంపు వ్యాను ఆగివున్న వైపు నడిచింది.