జేజి నోటి ‘ఉత్తదే’

ఈ సాయంత్రం మా పక్కింటి పెద్దమ్మ నా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని పేరు పెట్టి పిలిచింది. పాప పలకకుండా ఆమె గాజులతోనే ఆడుకుంటూ ఉంటే, రెండేళ్లు దాటినా అమ్మా అనలేదంటే ఈ బిడ్డకిక మాట రాదేమోనని, మంచి మనసుతోనే, అనేసి వెళ్లింది. ఆమె గేటు దాటేలోపే నేను దాన్ని పూర్తిగా నమ్మేశాను. పాపకు అన్నం తినిపిస్తున్నా అదే ఆలోచన, ఇప్పుడు నిద్రపోతున్న దాని పక్కన కూర్చుని ఇది రాస్తున్నా అదే ఆలోచన. మా ఇంట్లో ఒకప్పుడు చెడ్డ కబురును ఇంత సులువుగా గడప దాటనిచ్చేవాళ్లు కాదు. దాన్ని ఆపడానికి మా జేజి దగ్గర ఒక మాట ఉండేది. ఉత్తదే.

జేజి అంటే మా నాయన తల్లి. శిరివెళ్ల దగ్గరి మా పల్లెలో కూలికి పోయి పిల్లల్ని సాకిన మనిషి. ఎవరేం చెప్పినా ముందు ఉత్తదే అనేది. ఆయమ్మ నమ్మకమంతా ఆదివారం చర్చిలోనే ఖర్చయిపోతాదని, ఇంటికి వచ్చేసరికి ఏమీ మిగలదని వీధిలో నవ్వుకునేవాళ్లు. అబద్ధం అంటే చెప్పినవాడికి కోపం వస్తుంది కానీ జేజి ఉత్తదే అంటే ఎవరికీ వచ్చేది కాదు. జొన్న కంకిని వేళ్లతో నొక్కి, గింజ పట్టలేదని పక్కన పెట్టినట్టు ఉండేది ఆ మాట. ఆళ్లగడ్డ బట్టల అంగడిలో రంగు పోదని చెబితే ఉత్తదే అంటూనే వేలు తడిపి చీర కొంగు రుద్ది చూసేది, ఆ తర్వాత ఆ చీరే కొనేది. బడికి పోకుండా నేను కడుపునొప్పి అంటే ఉత్తదే అంటూనే కడుపు మీద చెయ్యి వేసేది. అనడం, వెంటనే చూడడం, ఈ రెండూ ఆమెకు ఒకటే పని అని చిన్నప్పుడు నాకు తెలియలేదు.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఫోను అంగట్లో ఒక్కటే ఉండేది. మా నాయన ట్రాక్టరు నడిపేవాడు. ఒక మధ్యాహ్నం వడ్ల మూటలతో నంద్యాలకు పోయాడు, పొద్దు వాలుతున్నా రాలేదు. అమ్మ సంగటి కెలుకుతూ ఉండగా అంగడాయన మా వాకిట్లోకి వచ్చి, కాలువ దగ్గర ట్రాక్టరు బోల్తా పడిందని, మనిషి దక్కలేదంటున్నారని చెప్పి తల వంచుకున్నాడు. అమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. జేజి లేచి నిలబడింది.

“ఉత్తదే. నువ్వు కండ్లారా సూసినావాప్పా?”

“లేదవ్వా. ఆటోలో వచ్చినోళ్లు చెప్తాండారు.”

“అయితే ఈడ కూచో, నీళ్లు తాగు. నేను సూసొస్తా.”

అమ్మ వైపు తిరిగి, సంగటి అడుగంటుతాంది చూసుకో అని మాత్రం చెప్పి, చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి నడిచింది. కన్నకొడుకు పోయాడన్న కబురు వింటూ సంగటి గురించి మాట్లాడే మనిషి ఉంటుందా అని అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే కెలికింది, ముద్దలు కట్టింది, నాయన పళ్లెంలోనూ ఒక ముద్ద పెట్టింది. ఆ పని లేకుంటే ఆ సాయంత్రాన్ని అమ్మ ఎలా దాటేదో నాకు తెలియదు.

చీకటి పడ్డాక ఆటో వచ్చి ఆగింది. ముందు జేజి దిగింది, తర్వాత తుండుగుడ్డతో చెయ్యి మెడకు కట్టుకుని నాయన దిగాడు. వాకిట్లో చేరిన జనం మధ్య నుంచి నడుస్తూ జేజి అంగడాయన దగ్గర ఆగింది.

“చెయ్యి ఇరిగింది నిజమేనప్పా. మిగతాది ఉత్తదే.”

ఆ మాట ప్రతిసారీ గెలవలేదు. నేను నంద్యాల హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు, జేజి పోయిందని నాయన ఫోను చేశాడు. ఉత్తదే అని పెట్టేసి బస్సెక్కాను. ఆ కబురు నిజమే. కానీ శిరివెళ్లలో దిగేదాకా, ఆ కిటికీ పక్క సీట్లో, నాకు మాత్రం జేజి ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు కబురు మోసుకుని వాకిట్లోకి వచ్చేవాళ్లు తక్కువ. అరచేతిలోని ఫోనులోకే అన్నీ వచ్చి పడతాయి. పిల్లలకు మాట రాకపోతే ఏమవుతుందో ఈ రాత్రి నేను చదివినవన్నీ అలా వచ్చినవే. కూచో, నీళ్లు తాగు అని ఎవరికి చెప్పాలి? నా తోటి తల్లులూ ఇలాగే చదువుతూ, ప్రతి దాన్నీ నమ్ముతూ మేలుకుని ఉంటారని తెలుసు. నేను చూసొస్తా అని చెప్పులు వేసుకునే మనిషి మనలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు లేదు.

పాపకు సరిగా వినిపిస్తోందో లేదో డాక్టరుకు చెవులు చూపించడానికి రేపు పొద్దున నంద్యాలకు తీసుకుపోతున్నాను. చిన్న చెప్పులు తలుపు దగ్గర పెట్టాను. నిద్రలో అది నా వేలు పట్టుకుంది. నా గొంతు జేజిదంత గట్టిగా రాలేదు కానీ, దాని చెవి దగ్గర వంగి నెమ్మదిగా అన్నాను. మాట ఇంకా రాలేదు, నిజమే తల్లీ. మిగతాది ఉత్తదే.