పదకొండు గంటల బస్సు క్యారియర్లు

నేను పుట్టి పెరిగింది కుప్పంలో. మా నాన్న గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు. బండలు పేల్చే ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని దారికి అడ్డంగా నిలబడి విజిల్ ఊదేవాడు. మేకలు తోలుకుపోయేవాళ్లు, బడి నుంచి వచ్చే పిల్లలు, అందరూ దూరం జరిగాక గానీ మందు పేలేది కాదు. అందుకేనేమో చిన్నప్పుడు నాకు పేలుడంటే భయం ఉండేది కాదు. మా నాన్న ఇంకో గంటలో ఇంటికొస్తాడని దాని అర్థం.

ఇప్పుడు పుంగనూరులో ఉంటూ మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. ఉగ్రవాదం పుట్టుక గురించిన పాఠాన్ని ఏటా ఆ విజిల్ మనిషితోనే మొదలుపెడతాను. బండలు పగలగొట్టడానికి కనిపెట్టిన మందును పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో కొందరు చదువుకున్న కుర్రాళ్లు సంచుల్లో పెట్టుకుని, విజిల్ ఊదకుండా, రాజుల బండ్ల మీదికి విసిరారు. అంతకుముందు ఫ్రాన్సులో టెర్రర్ అన్న మాట ప్రభుత్వానిదే. తలలు నరికే పాలకులు తమ పాలనకు తామే గర్వంగా పెట్టుకున్న పేరది.

ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లేచి, ఇది ఏ మతం వాళ్లు మొదలుపెట్టారు మేడం అని అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. మొదట బాంబులు విసిరిన వాళ్లలో చాలామందికి దేవుడే లేడురా నాయనా అంటాను. వాళ్ల నమ్మకం వేరు. జనం నిద్రపోతున్నారు, ఒక్క పేలుడుతో లేస్తారు అనుకున్నారు. అప్పుడప్పుడే పత్రికలు ఇంటింటికీ చేరుతున్నాయి. పత్రిక లేకపోతే ఆ చప్పుడు రెండు వీధులు దాటేది కాదు. చంపేది కొందరిని, కానీ గురి మాత్రం ఆ వార్త చదివే వాళ్ల మీద. జనం లేచింది లేదు, తలుపులేసుకున్నారు. తరవాత ఎన్ని దేశాల్లో, ఎన్ని జెండాల కింద, ఎన్ని దేవుళ్ల పేరుతో ఎవరు ఆ దారి పట్టినా లెక్క అదే.

పాఠం అక్కడితో అయిపోయేది. పోయిన ఏడాది మాత్రం అది బస్టాండు దాకా వచ్చింది.

మా పిల్లల్లో సగం మంది పల్లెల వాళ్లు. పొద్దున మొదటి బస్సు ఎక్కే వేళకు ఇంట్లో ఇంకా పాలు పితుకుతూ ఉంటారు, వంట ఎక్కడవుతుంది? అందుకని అమ్మలు తీరిగ్గా వండి, క్యారియర్ సంచిలో పెట్టి, మదనపల్లెకు పదకొండు గంటలకు చేరే బస్సులో కండక్టర్‌కు ఇస్తారు. వెంట మనిషెవరూ రారు. కండక్టర్ బస్టాండు బయట టీకొట్టు బెంచీ మీద దించిపోతాడు. మధ్యాహ్నం పిల్లలొచ్చి, సంచికి కట్టిన గుడ్డపీలిక రంగు చూసి ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ఒక్క క్యారియర్ పోయిందని నేను వినలేదు. బస్సు ఎటూ పోతోంది కదా అని, అదే సంచిలో కుట్టడానికివ్వాల్సిన జాకెట్టు గుడ్డ, తెగిన చెప్పులు కూడా వస్తుంటాయి.

చౌడేపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఆఖరి సంవత్సరంలో ఉండేది. నాలుగు ఆవులు, ఒక బోరు, కొంచెం టమోటా తోట, అదీ వాళ్ల ఇల్లు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది తనే మొదలు. ఆ రోజు సెమినార్ అని అంగళ్లులోని ఇంజనీరింగ్ కాలేజీకి పోయింది. భోజనం అక్కడే. ఆ సంగతి ఇంట్లో చెప్పడం మరిచిపోయింది. అమ్మ ఎప్పటిలాగే ఆకుపచ్చ పీలిక సంచిలో క్యారియర్ కట్టింది. బోరు మోటరు ఆటో స్టార్టర్ కాలిపోతే, కూతురు రిపేరు షాపులో ఇస్తుందిలే అని నాన్న దాన్ని అదే సంచిలో దోపాడు. ఎర్ర వైర్లు, పసుపు వైర్లు బయటికి వేలాడుతున్నాయి. అదే వారం ఎక్కడో దూరపు నగరంలో బాంబు పేలింది. టీవీలు రోజంతా దాన్నే తిప్పి తిప్పి చూపించాయి.

సాయంత్రం నేను బస్టాండుకు వచ్చేసరికి జనమంతా రోడ్డుకు అవతల ఉన్నారు. బెంచీ తుడవబోయిన టీకొట్టాయన మిగిలిపోయిన సంచినీ వైర్లనూ చూసి కానిస్టేబుల్‌కు చెప్పాడు. మంచి పనే చేశాడు, నేనైనా అదే చేసేదాన్ని. ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్నదాన్ని, నేనూ పోయి ఆ జనంలోనే నిలబడ్డాను. ఇంతలో అంగళ్లు నుంచి వచ్చిన బస్సు దిగి, ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. "మేడం, అది మా సంచి."

ఇద్దరం పోయి కానిస్టేబుల్‌కు చెప్పాం. పోలీసులు వాళ్ల నాన్నను పిలిపించారు. బాంబుల సంగతి తెలిసినవాళ్లు వచ్చి సంచి విప్పారు. స్టార్టరు, పులిసిపోయిన పప్పన్నం. జనం నవ్వారు. పోలీసులు కూడా నవ్వి, జాగ్రత్త చెప్పి ఆయన్ను పంపేశారు. కానీ అప్పటికే ఎవరి ఫోనులోంచో వీడియో ఊరు దాటింది. మదనపల్లెలో బాంబు దొరికిందట, పక్కనే ఆ అమ్మాయి ముఖం. సంచి విప్పాక జనం నవ్విన ముక్కను ఎవరూ ఎవరికీ పంపలేదు.

మర్నాటి నుంచి మనిషి లేని సంచి ఎక్కించుకునేది లేదని కండక్టర్లు చెప్పేశారు. క్యారియర్లు ఆగిపోయాయి. పిల్లలు క్యాంటీన్లో పఫ్ తిని, కొందరు అదీ తినక, ఆ అమ్మాయి మీద పడ్డారు. ఒకడు స్టార్టర్ అని పేరు పెట్టాడు, ఇంకొకడు బాంబు అన్నాడు. ఆమె కాలేజీకి రావడం మానేసింది. నేను క్లాసులో గొంతు పోయేలా తిట్టాను, ఏం లాభం? హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. అలాంటి ఇంట్లో ఒక ఏడాది పోయిందంటే చదువు పోయినట్టే.

ఆదివారం పుంగనూరులో ఆటో ఎక్కి వాళ్ల ఊరికి పోయాను. ఆమె ఆవులకు గడ్డి వేస్తోంది. వాళ్ల నాన్న నాకు కుర్చీ వేసి తను నిలబడే మాట్లాడాడు.

"ఆ బస్టాండులో దిగాలంటే సిగ్గంటాదమ్మా. పాల డెయిరీలో పనికి పోతానంటాది. నేనేం జెప్పేది, ఆ స్టార్టరు పెట్టింది నేనే గదా."

ఆమె గడ్డి వేస్తూనే ఉంది. నేనూ బతిమాలలేదు, బతిమాలడం నాకు రాదు. ఆవుల గురించి, టమోటా ధర గురించి మాట్లాడాను. లేవబోతుంటే అడిగింది.

"మేడం, బాంబు కంటే మన భయమే వాళ్లకు ముఖ్యం అని చెప్పినారు గదా. సంచిలో స్టార్టరు పెట్టింది మా నాయన. మరి భయం పెట్టిందెవురు?"

రేపు క్లాసులో అడుగు, అందరం కలిసి జవాబు వెతుకుదాం అన్నాను. వస్తుందని నమ్మకం లేకుండానే ఆటో ఎక్కాను.

సోమవారం వచ్చింది. వెనక బెంచీలో కూర్చుంది. నేను పిలవకముందే లేచి నిలబడింది.

"మనూర్లో ఎవురూ బాంబు పెట్టలేదు. అయినా మన అన్నం నిలిచిపోయింది. ఆ పని చేసినోళ్లు యాడో ఉండారు. వాళ్లకు మదనపల్లె పేరు కూడా తెలీదు. మిగిలిన పని వాళ్ల కోసరం మనమే చేసి పెడతాండాము."

అన్ని పుస్తకాలు తిరగేసినా నేను చెప్పలేకపోయిన పాఠాన్ని ఆమె చెప్పింది. నాకు ఒళ్లు పులకరించింది, కొంచెం అసూయ కూడా కలిగింది. స్టార్టర్ అని పేరు పెట్టినవాడు తల దించుకున్నాడు. మధ్యాహ్నం వాడే అందరినీ వెంటబెట్టుకుని టీకొట్టాయన దగ్గరికి పోదాం అన్నాడు. క్లాసంతా కదిలింది, నేనూ పోయాను. ఆ అమ్మాయి ఆ కొట్టు ముందుకు రావడం ఆ సాయంత్రం తరవాత అదే మొదటిసారి.

టీకొట్టాయన ఆమెను చూసి చేతిలో గ్లాసు కింద పెట్టాడు. ఆ రోజు భయపడిపోయినానమ్మా, నీ ముఖం ఊరంతా తిరుగుతాదనుకోలేదు అన్నాడు. కండక్టర్లతో తనే మాట్లాడతానన్నాడు. బెంచీ తనది, బస్సు దగ్గరికొచ్చి సంచులు తనే దించుకుంటాడు, ఏదైనా జరిగితే తనను అడగమంటాడు.

కండక్టర్లు ఒప్పుకోవడానికి రెండు మూడు రోజులు పట్టింది. క్యారియర్లు మళ్లీ మొదలైన రోజు నాకు క్లాసు లేదు, చూడకుండా ఉండలేక బస్టాండుకు పోయి రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. ఆమె కూడా వచ్చి నా పక్కనే నిలబడింది. పదకొండు గంటల బస్సు వచ్చింది. కండక్టర్ అన్నిటికన్నా చివర ఆ ఆకుపచ్చ పీలిక సంచిని పట్టుకుని, ఇవ్వాలా వద్దా అన్నట్టు ఆగాడు.

"లోపల ఏముండాదో విప్పి సూసుకోవా?" అని అడిగాడు.

"ఏముంటాదప్పా, అన్నం" అని టీకొట్టాయన చెయ్యి చాపి సంచి అందుకున్నాడు.

ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తరవాత వదిలేసి, తన సంచి తీసుకోవడానికి రోడ్డు దాటింది.