గార్డు సాబ్ లాంతరు కొక్కెం

గార్డు సాబ్ పోయారని పోయిన నెలలో ఒక పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసింది. "మామ ఇగ లేడక్కా. నీ టేపు ఈడనే ఉన్నది," అంది. ఏడుస్తూనే ఆటో ఎక్కాను. ఇది రాస్తుంటే మాత్రం ఏడుపు కన్నా హుషారే ఎక్కువగా ఉంది. ఆయన్ని తలుచుకుంటే చాలు, చేతులు ఊరికే ఉండవు.

ఆయన ముద్‌ఖేడ్ నుంచి ఆదిలాబాద్ వైపు నడిచిన మీటరు గేజి రైళ్లలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత నాందేడ్‌లోని తన ఇంట్లో అట్టముక్కలు, రేకు, పెన్ను రీఫిళ్లతో అవే రైళ్లను ఇరవయ్యో వంతు సైజులో తయారుచేసేవారు. నేను లేడీస్ టైలర్‌ని. తొమ్మిదేళ్ల కిందట నా దుకాణానికి వచ్చి, బొటనవేలంత పచ్చజెండా కుట్టమన్నారు. నవ్వాపుకొని కుట్టిచ్చాను. మర్నాడే తిరిగొచ్చారు.

"గింత మందం అంచు ఏ జెండకుంటది బిడ్డా? ఇరవైతోని గుణించి చూడు, తాడంత అయితది."

నా కుట్టుకు వంక పెడతాడా అని పౌరుషం పొడుచుకొచ్చింది. అంచు కుట్టడం మానేసి, జిగురుతో మడిచి తీసుకెళ్లాను. ఆయన మెచ్చుకోలేదు, ఓ కుర్చీ జరిపి రేకు కత్తెర నా చేతికిచ్చారు. అప్పటి నుంచి దుకాణం మూసే ప్రతి గురువారం మధ్యాహ్నం నేను ఆయన శిష్యురాలిని.

ఫొటో చూసి చేయకూడదు, వెళ్లి కొలవాలి. అదీ ఆయన పట్టుదల. పెళ్లికి వెళ్లినా మండపం మెట్టు కొలిచేవారు. ఎందుకని అడిగితే "ఉండనీ, ఎప్పుడన్న పనికొస్తది," అనేవారు. అలాంటి మనిషికి తను పనిచేసిన బ్రేకు వ్యాను, అంటే రైలు చివర గార్డు ఉండే పెట్టె, చేయాలని కోరిక. అవేమో ఎప్పుడో తుక్కు కింద పోయాయి. ఇక దేన్ని కొలవాలి?

ఒక గురువారం గది మధ్యలో కళ్లు మూసుకొని నిలబడ్డారు. "టేపు తియ్యి. గిది బ్రేకు చక్రం," అని గాలిలో చేయి పెట్టారు. కొలిచాను. రెండడుగులు వేసి, "గిది కిటికి." కొలిచాను. తల మీదికి చేయి చాచి, "గీడ లాంతరు కొక్కెం," అన్నారు. ఆ చేతులు ఎక్కడా తడుముకోలేదు. లేని వ్యానుకు కొలతలు తీస్తుంటే నా ఒళ్లు పులకరించింది.

వ్యాను తయారైంది. సరిగ్గా అప్పుడే, రెండు బస్సులు మారితే వచ్చే ఒక చిన్న స్టేషన్లో అసలు వ్యాను ఒకటి తుప్పు పట్టి పడి ఉందని తెలిసింది. టేపు పట్టుకొని పరుగెత్తాం. దూరాలన్నీ అచ్చంగా సరిపోయాయి. మేం తీసుకున్న ఎత్తులే తక్కువొచ్చాయి. కొక్కెమైతే ఆయన చాచిన చేతికి నాలుగు వేళ్లు పైన ఉంది.

కాసేపు దాన్నే చూసి, పకపకా నవ్వారు. "డబ్బ పెరగలే బిడ్డా. నేనే తగ్గిన."

ముసలమ్మలకు ఏటేటా కొత్త కొలతలు తీసే నాకు ఆ ముక్క తట్టలేదు చూడండి. సిగ్గేసింది. "మన బొమ్మల నాలుగు మిల్లీమీటర్లే గద సాబ్, ఎవలు చూస్తరు?" అన్నాను.

"నేను చూస్త," అన్నారు.

అంతా ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాం. కొక్కెం, లోపల నిలబెట్టాల్సిన గార్డు బొమ్మ మిగిలుండగా ఆయన వెళ్లిపోయారు.

దినాలయ్యాక కోడలు టేపుతో పాటు వ్యాను కూడా నా చేతుల్లో పెట్టింది. ఇందులో తప్పు రాకూడదని ఎంత భయపడ్డానో. కొక్కెం అసలు ఎత్తులోనే బిగించాను. మరి గార్డును ఎంత పొడుగు చేయాలి? నాకు తెలిసిన గార్డు సాబ్‌నే చేస్తే చేయి అందదు. అందుకని కొక్కెం దగ్గర మొదలుపెట్టి కిందికి కొలుచుకుంటూ వచ్చాను, చేయి, భుజం, వీపు. నేనెన్నడూ చూడని పొడుగాటి మనిషి వచ్చారు.

వ్యాను ఇప్పుడు నా కుట్టుమిషను పక్కనే ఉంది. గార్డు సాబ్ చేయి చాచి లాంతరు తగిలిస్తున్నారు. మడమలు నేల మీదే ఉన్నాయి.