టోపీ తీసిన తాత

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టండి, తర్వాత చూద్దాం అనే రకం నేను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అయినా నంద్యాలలో మా ఇంటి ముందు గదిలో, పట్టపగలు, టీవీలో నేను చూసినదానికి నా దగ్గర జవాబు లేదు.

మా ఆయన దస్తగిరి బ్యాండు మేళంలో సాక్సోఫోన్ వాయించేవాడు. ఆళ్లగడ్డలో ఆ మేళం పెట్టింది వాళ్ల నాయన. నేను ఇంట్లో మిషను కుడతాను. మేళం వాళ్ల ఎర్రకోట్లకు, టోపీలకు జరీ పట్టీలు వేసేదీ నేనే. ఆయనకు జాజ్ పిచ్చి. అమెరికా నల్లవాళ్ల సంగీతం మీద తీసిన డాక్యుమెంటరీలు, పాత టీవీ కచేరీలు పెన్‌డ్రైవ్ నిండా ఎక్కించుకుని, ఇంట్లో ఉన్నంతసేపూ అవే పెట్టేవాడు. సీరియల్ చూసే భాగ్యం నాకు పెళ్లితోనే పోయింది.

వాటిలో ఒకటి నలుపు తెలుపు సినిమా. ఏదో టీవీ స్టూడియోలో ఐదుగురు వాయిస్తుంటారు. సాక్సోఫోన్ ఊదే ముసలాయన తల మీద ఎప్పుడూ టోపీ ఉంటుంది. ఆయనకు టోపీ తాత అని నేనే పేరు పెట్టాను. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడంటే చివరిదాకా తెరవడు. డ్రమ్ముల ఆయన ఎక్కడ నవ్వుతాడో, సిగరెట్ పొగ ఎక్కడ లేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అన్నిసార్లు చూపించాడు మహానుభావుడు.

మా మేళంలో ఒక పద్ధతి ఉంది. పెళ్లి ఊరేగింపుకు శవం ఎదురైతే నోటితో చెప్పరు. ఆ మోతలో ఎవరికి వినబడుతుంది? ముందు నడిచే సాక్సోఫోన్ మనిషి దాని వెడల్పాటి మూతి మీద ఎడమ అరచెయ్యి పెట్టి మూస్తాడు. అది చూసి ఒక్కొక్కరే ఆపేస్తారు, డ్రమ్ము ఆఖరున. అందరూ పక్కకు జరిగి, నడిమధ్య దారి వదిలి నిలబడతారు. మా మామ నేర్పిన పద్ధతి అది. ఇంకే మేళంలోనూ నేను చూడలేదు.

ఆ రోజు ఆళ్లగడ్డలో ఒక కిరాణా వ్యాపారి ఇంట పెళ్లి. సాయంత్రం ఊరేగింపు. మధ్యాహ్నం భోజనం చేసి, బస్సు పట్టుకోవాలని ఆయన స్నానానికి వెళ్లాడు. నేను ఆయన కోటుకు గుండీ కుడుతున్నాను. టీవీలో ఆ సినిమానే నడుస్తోంది.

పాట మధ్యలో తాత కళ్లు తెరిచాడు.

సూది నా వేల్లో దిగింది. ఆయన సూటిగా నా వైపే చూస్తూ సాక్సోఫోన్ మూతి మీద ఎడమచెయ్యి మూశాడు. పియానో ఆగింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆపారు. డ్రమ్ము ఆఖరున ఆగింది. ఐదుగురూ గోడవారకు జరిగారు. తాత టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. తక్కినవాళ్లు తలలు వంచారు. మధ్యలో నేల ఖాళీగా ఉంది. ఎవరో వస్తున్నట్టు, వాళ్ల కోసం దారి వదిలినట్టు నిలబడ్డారు. స్నానాల గదిలో చెంబు చప్పుడు తప్ప నాకు ఇంకేమీ వినబడలేదు.

లేచి వెళ్లి గోడ దగ్గర స్విచ్ ఆర్పేశాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, "ఏమే, ఎందుకాపినావ్?" అని మళ్లీ పెట్టాడు. పాట మొదటినుంచీ చూశాను. అంతా ఎప్పటిలాగే ఉంది. తాత కళ్లు తెరవలేదు, టోపీ తియ్యలేదు.

ఏమని చెప్పను? చెబితే నవ్వుతాడు. ఆయన్ని గడప దాటనివ్వకూడదన్నది ఒక్కటే నాకు తోచింది. దారిలో ఏ లారీయో కాచుకుని ఉందనుకున్నాను. ఆయన చొక్కా వేసుకునేలోపు పెట్టె తెరిచి, సాక్సోఫోన్‌కు తగిలించి ఊదే పీకను తీసి బియ్యం డబ్బాలో పూడ్చేశాను.

ఆయన ఇల్లంతా తిరగేశాడు. "పీక యాడ పెట్టినావే?"

"నాకేం తెలుసు? నీ సామాన్లు నేనెప్పుడన్నా ముట్టుకుంటానా?"

"ఒప్పుకున్న మేళం ఎగ్గొట్టినోడు మా ఇంట్లో లేడు. రేపు ఆళ్లగడ్డలో తలెట్ల ఎత్తుకోవల్ల నేను?"

బస్సు పోయింది. క్లారినెట్ వాయించే ఆయనకు ఫోన్ చేసి, ఈరోజు మేళం నువ్వు నడిపించన్నా అని బతిమాలుకుని, గడప మీద కూర్చున్నాడు. సాయంత్రం నేనే ఆళ్లగడ్డకు ఫోన్ చేసి కనుక్కున్నాను. మేళంవాళ్లంతా క్షేమంగా చేరారు, ఊరేగింపు బయల్దేరింది. లేనిదేదో చూసి మొగుడి పరువు తీశానే అని ఏడుపొచ్చింది. తిట్టినా సరే, పీక ఇచ్చేద్దామని బియ్యం డబ్బా మూత తీశాను.

అప్పుడే "ఏమే" అన్నాడు. అది ఆయన గొంతులా లేదు. వెళ్లి చూస్తే చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఎడమచెయ్యి పట్టుకుని గడప మీదే ఒరిగిపోతున్నాడు.

పక్కింటివాళ్ల ఆటోలో వేసుకుని పోయాం. ఆస్పత్రి దగ్గరే కాబట్టి సరిపోయింది. "పెళ్లి మెరవణిలో ఊదుతా ఉండింటే మనిషి దక్కేవాడు కాదమ్మా. మంచిపని, ఇంట్లో పెట్టుకున్న్యావు," అంది డాక్టరమ్మ. బియ్యం డబ్బా సంగతి ఆమెకేం చెప్పను? తల ఊపాను.

ఇంటికొచ్చాక ఆయనకు మొత్తం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"టోపీ తీసినాడా?" అన్నాడు.

"తీసినాడు. గుండెకు పెట్టుకున్న్యాడు."

"ఎవురి శవం వచ్చినా పక్కకు నిలబడతాం. టోపీలు మాత్రం తియ్యం. పోయినోడు మేళంవాడైతేనే తీస్తాం," అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు.

"మధ్యలో ఎవురు పోయినారు?" అని ఆయనే అడిగాడు.

"చూడలే. స్విచ్ ఆర్పేసినా."

నా చెయ్యి పట్టుకున్నాడు. తెల్లవారేదాకా వదల్లేదు.

ఇప్పుడాయన ఊదడు, మేళంవాళ్లకు పాఠం చెబుతాడు. ఆ సినిమా మాత్రం మానలేదు. అన్నం తిన్న మత్తులో కునుకు తీశానేమో అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. అయితే ఆ కోటు మీద నా వేలి రక్తపు మరక ఇంకా ఉంది. పైగా టోపీ సంగతి నాకు తెలియదే, తెలియనిది కలలోకి ఎలా వచ్చింది?

ఆ పాట వచ్చినప్పుడల్లా మిషను ఆపి, స్విచ్ పక్కన నిలబడతాను.